టూయిలరీ గేటు ఎదుటి జీబ్రా క్రాసింగ్ గారికి

మహారాజశ్రీ జీబ్రా క్రాసింగ్ గారి దివ్యసముఖానికి,
రూ ద రివోలీ, టూయిలరీ తోట ఎదుట, ప్యారిస్.

మీ అంచున గొంతుకూర్చుని ఫొటోలు తీసి పొట్టపోసుకునేవాళ్ళం నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మోకాళ్ళు తప్ప మిగతా అంతా క్షేమం. తమరి తెల్ల చారలు కూడా క్షేమమని తలుస్తాం.

న్యూయార్క్, లండన్, మిలాన్ ముగిశాక ఫ్యాషన్ జాతర ఏడాదికి రెండుసార్లు మీ గుమ్మంలోకి దిగుతుంది. ఆహ్వానపత్రంలో తోటలో షో రెండున్నరకి అని ఉంటుంది. రెండు కాకముందే అతిథుల నల్ల వ్యాన్లు వచ్చి ఆగుతాయి. షో మొదలయ్యేసరికి మూడవుతుంది. లోపల ర్యాంపు మీద నడక పావుగంట దాటితే గొప్ప. మీ మీద నడక మాత్రం గంట. ఏది అసలు షోనో తమరే తేల్చాలి.

మాకో సందేహం. అతిథులు వ్యాను దిగింది తోట వైపే, పోవాల్సిందీ తోటలోకే. అటు అవతల గట్టున ఎవరికీ ఏ పనీ లేదు. అయినా సిగ్నల్లో ఆకుపచ్చ మనిషి వెలగ్గానే అటు, మళ్ళీ వెలగ్గానే ఇటు. మూడోసారి మేము బతిమాలితేనే లెండి. అదే మా హైదరాబాదులో మీ చుట్టాల మీంచి ఒక్కసారి దాటాలంటే చెయ్యి అడ్డం పెట్టి, బస్సు డ్రైవరు కళ్ళలోకి చూసి, ఇష్టదైవాన్ని తలుచుకుని అడుగెయ్యాలి. తీరా దాటాక వెనక్కి రమ్మంటే ఎవడూ రాడు.

ఇలా దాటినదానికి ‘సహజమైన ఫొటో’ అని పేరు. ఎదురుగా ఇరవై లెన్సులు గురిపెట్టి ఉంటే, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవర్నీ చూడనట్టు నడవాలి. దానికి సరంజామా ఉంది. చెవి దగ్గర ఫోను: ఫొటో పెద్దది చేసి చూస్తే తెర ఆరిపోయి ఉంటుంది. చేతిలో కాఫీ కప్పు: నిండు కప్పయితే మణికట్టు అంత తేలిగ్గా ఊగదు. చేతులు తొడుక్కోకుండా భుజాల మీద వేసుకున్న కోటు: ఐదారు అడుగులకి అది జారడం మొదలవుతుంది, దాన్ని ఆపడానికి భుజాలు పైకి బిగుసుకుంటాయి, మెడ లోపలికి పోతుంది. అందుకే కోటున్నవాళ్ళని మొదటి నాలుగడుగుల్లోనే పట్టుకోవాలి. బ్యాగు సరేసరి, మేము ఎటుంటే అటు చేతికి మారుతుంది, పేరున్న వైపు బయటికి.

ఇక మా వేషం సంగతి. షట్టరు సెకనులో వెయ్యోవంతు, అంటే 1/1000. 1/250 పెడితే మొహం నిలుస్తుంది గాని బూటు చెరిగిపోతుంది. అపర్చరు (లెన్సు కన్నం) ఎఫ్ 2.8. కన్నం ఇంకా తెరిచి ఎఫ్ 1.4కి ఆశపడితే కన్ను ఫోకస్‌లో ఉంటుంది, ముందుకు ఊగిన చేతిలోని బ్యాగు ఉండదు. పత్రికలవాళ్ళు డబ్బులిచ్చేది ఆ బ్యాగు కోసమాయె. ఎక్స్‌పోజరు (ఎంత వెలుగు పడాలన్నది) కెమెరాకి వదిలేస్తే, ఫ్రేములో మీ తెల్లదనం ఎక్కువైనప్పుడల్లా వెలుగు కొలిచే మీటరు బెదిరిపోయి మనిషి మొహం నల్లగా చేస్తుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టి, ముందు దాటే ఎవరో ఒకరి మీద కొలుచుకుంటాం. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే వెనక పోయే బస్సు పక్కకి ఒరిగిపోతుంది.

మాకు కావలసిన క్షణం ఒక్కటే. ముందుకాలి మడమ నేలకు తగలాలి, వెనక కాలి మునివేళ్ళు ఇంకా నేలను వదలకూడదు. అప్పుడు కాళ్ళు కత్తెరలా విచ్చుకుంటాయి, కోటు అంచు వెనక్కి ఊగుతుంది. పావు సెకను తేడాలో నొక్కితే ఒక కాలు ఇంకో కాలి చాటుకి పోయి, కొంగ జపం చేస్తున్నట్టు పడుతుంది. కెమెరా నడిచేవాళ్ళ బొడ్డు ఎత్తులో ఉండాలి. కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు పొట్టివవుతాయి, నేలకానించి తీస్తే ముక్కుపుటాలు కనిపిస్తాయి. మోకాళ్ళ ప్రస్తావన మొదట్లోనే ఎందుకు తెచ్చామో ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇందులో తమరి పాత్ర కూడా చిన్నదేం కాదు. ఫ్రాన్సులో మీ చారకి కొలతుంది: వెడల్పు 50 సెంటీమీటర్లు, మధ్య సందు 50 నుంచి 80. నల్ల బూటు సందులోని తారు మీద పడితే మాయం. తెల్ల చార మీద పడితే మడమ దగ్గర కుట్టు సైతం లెక్కపెట్టుకోవచ్చు. మనిషి అడుగుకీ మీ చారకీ లెక్క కుదిరి చావదు. మేము ‘ఇంకొక్కసారి నడుస్తారా’ అని దేబిరించేది అందుకే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం సూర్యుడు తోట వైపు ఉంటాడు. అవతల గట్టున కమానుల వైపు నుంచి తోటకి దాటేవాళ్ళ మొహాన ఎండ కొట్టి కళ్ళు చికిలించుకుపోతాయి (నల్లద్దాలు పొగరు వల్లే అనుకునేవారికి మనవి). తోట నుంచి బయటికొచ్చేవాళ్ళకి జుట్టు అంచు వెలుగుతుంది, మొహం నీడలో పడుతుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాపు (రెండింతల వెలుగు) పెంచితే సరి, మిగతా వెలుగు కింద నుంచి మీ చారలే పంపుతాయి. రిఫ్లెక్టరు పట్టుకునే కుర్రాడి కూలి మీకు బాకీ పడ్డాం.

మాలో మాకు పడని మనిషి ఒకడున్నాడు: 35 ఎం.ఎం. లెన్సువాడు, దగ్గరికి పోతే గాని వాడి పని జరగదు. మేము 85 లెన్సుతోనో 135తోనో దూరంగా కాచుకుని ఉంటే, శుభమా అని పెళ్ళి చేస్తుంటే తుమ్మినట్టు, వాడు మధ్యలోకి దూకి వెనక్కి నడుస్తూ తీస్తాడు. మా అందరి ఫ్రేముల్లో వాడి వీపు. వాడి ఫ్రేములో మేమంతా ఒక నల్ల జాకెట్ల గుట్ట. ఎంత బ్యాక్‌గ్రౌండ్ చెరిపినా ఆ గుట్ట పోదు. వెనక్కి నడిచేవాడి భుజం పట్టుకుని దారి చూపడానికి ఇంకొకరుండాలి, ఎవరూ ఉండరు. 2020లో ఈ వీధిని చాలావరకు సైకిళ్ళకీ బస్సులకీ టాక్సీలకీ వదిలేశారు. బస్సయితే చప్పుడు చేస్తుంది. సైకిలుకి ఒక గంట మోత, ఆ తర్వాత ఫ్రెంచి తిట్లు.

సెకనుకి 10 ఫ్రేములు, దాటడానికి 6 సెకన్లు, అంటే తలకి 60. రోజుకి 60 మందిని వేసుకుంటే 3,600. కెమెరా ముడి ఫైలు (రా) 30 ఎం.బి. చొప్పున 108 జీబీ. అందులో అమ్ముడుపోయేవి 50 ఉంటే పండగ. ఏరడం కన్నా క్యాప్షన్లు రాయడం నరకం: ఎవరు, ఎవరి కోటు, ఎవరి బ్యాగు. తెలిసినవాళ్ళు నడక కాగానే బ్యాగు గొళ్ళెం దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టుకుంటారు. తెలియనివాళ్ళు రాత్రి రెండింటికి హోటల్లో ఇంటర్నెట్ గాలిస్తుంటారు.

ఇంత చేసి తీసిన ఫొటోని తెల్లారేసరికి బ్రాండువాళ్ళు అడక్కుండా ఎత్తుకుపోతారు. 2017 సెప్టెంబరులో మిలాన్‌లో కొందరు ఫొటోగ్రాఫర్లు జట్టుకట్టి, ఫొటోలు ఊరికే రావు అని అడ్డం తిరిగారు. నడిచేవాళ్ళ కోటు బ్రాండువాళ్ళ దగ్గర అరువు, బ్యాగు అరువు, ఫొటో కూడా అరువే. ఈ వ్యవహారంలో సొంతదారు ఉన్నది మీకొక్కరికే, తమరు నగరపాలక సంస్థవారి ఆస్తి.

న్యూయార్క్ టైమ్స్ ఫొటోగ్రాఫరు బిల్ కనింగ్‌హామ్ మీకు గుర్తుండే ఉంటారు. సైకిలు, నీలం చొక్కాకోటు. ఆ కోటు ఇక్కడి వీధులూడ్చేవాళ్ళది, ఆయన కొనేది మీ వీధిలోనే తూర్పుకి పోతే తగిలే బీహెచ్‌వీ దుకాణంలో. 1978లో ఆయన ఒక బొచ్చుకోటు భుజం కుట్టు చూసి ముచ్చటపడి ఫొటో తీశారు. వేసుకున్నది పాత హాలీవుడ్ తార గ్రెటా గార్బో అని తర్వాత తెలిసింది. మేమేమో మొహం పోల్చుకున్నాకే కెమెరా ఎత్తుతాం. కూరగాయల బండి లాక్కుంటూ, నిజంగా అవతలికి పోవాల్సిన ముసలావిడ వస్తే ‘కాస్త తప్పుకోండమ్మా’ అని చేత్తో సైగ చేస్తాం. ఆవిడ కోటుకి భుజం ఎలా కుట్టారో మాలో ఒక్కడూ చెప్పలేడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ అంచున కూర్చున్నవాళ్ళం

తా.క.: అరువు బూట్లు అరగకుండా అడుగున టేపు అంటిస్తారు. వెనక మడమ లేచినప్పుడు 1/1000లో ఆ టేపు మడతలతో సహా పడుతుంది, చెరపడానికి ఫొటోకి రెండు నిమిషాలు. వాన పడితే మాత్రం మీ తెల్ల రంగు మీద అది సర్రున జారుతుంది. జారిన క్షణాన పడ్డ ఫొటోల్లో అందరూ సూటిగా కెమెరాలోకే చూస్తుంటారు.