బ్రెయిన్ డెత్ అంటే సిగ్నల్ పోవడం కాదు

ఉగాది నుంచి ఇప్పటిదాకా ఏడుసార్లు వచ్చింది నాకా మెసేజ్. అందులో ముగ్గురు బీఎస్సీలో నాతో కలిసి ఫిజిక్స్ చదివినవాళ్లు. శూన్యంలో జరిగే యాదృచ్ఛిక క్వాంటమ్ ఒడిదుడుకుల నుంచే చైతన్యం పుట్టిందట. నోబెల్ గ్రహీత పెన్‌రోజ్ దాన్ని నిరూపించాడట. మనిషి చూస్తే తప్ప ఎలక్ట్రాన్‌కు ఉనికే లేదట. ష్రోడింగర్ క్వాంటమ్ ఫిజిక్స్‌కు మూలమైన తన సమీకరణాన్ని ఉపనిషత్తుల్లోంచి తీసుకున్నాడట. ఇక చివరిది: మెదడు వట్టి రిసీవర్, బ్రెయిన్ డెత్ అంటే సిగ్నల్ అందకపోవడమే, చైతన్యం ఎక్కడికీ పోదు, కాబట్టి అవయవదానానికి ఒప్పుకోవద్దు.

ఆ చివరి పాయింట్ లేకపోతే డిలీట్ చేసి ఊరుకునేవాణ్ని.

ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివాడు, ఇష్టపడ్డాడు, వాటి గురించి రాశాడు. సమీకరణం మాత్రం 1926లో, ఎలక్ట్రాన్ లాంటి కణాలూ తరంగాల్లా ప్రవర్తిస్తాయని ఫ్రెంచ్ శాస్త్రవేత్త డి బ్రాయ్ చెప్పిన ఊహను పట్టుకుని రాశాడు. దీనికి ఇంతకంటే సమయం పెట్టను.

'మనిషి చూస్తేనే' అన్నది కూడా అంతే. క్వాంటమ్ ఫిజిక్స్‌లో పరిశీలన అంటే కన్ను కాదు. ఒక డిటెక్టర్ చాలు, దారిలో తగిలిన గాలి అణువు చాలు. ల్యాబ్‌కు తాళం వేసి రాత్రంతా పరికరాన్ని దాని మానాన వదిలేసినా పొద్దున్న వచ్చేది అదే ఫలితం. 1961లో యూజీన్ విగ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త మనసుకు ఇందులో పాత్ర ఉందని రాసిన మాట నిజమే. తర్వాత ఆయనే ఆ అభిప్రాయాన్ని వదిలేశాడు. మెసేజ్ రాసినవాళ్లకు మొదటి సగమే పనికొచ్చింది.

పెన్‌రోజ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మనిషి కాదు. 2020లో ఆయనకు నోబెల్ వచ్చింది బ్లాక్ హోల్స్ మీద చేసిన పనికి. చైతన్యం గురించి ఆయన, స్టువర్ట్ హామెరాఫ్ అనే మత్తు డాక్టరు కలిసి 1990లలో చెప్పింది ఒక ప్రతిపాదన మాత్రమే. మెదడు కణాలైన న్యూరాన్లలో ఉండే సూక్ష్మ నాళికల్లో క్వాంటమ్ స్థితులు, అంటే ఒకేసారి చాలా అవకాశాలు కలిసి ఉండే స్థితులు, నిలబడి, ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఒకే అవకాశంగా కూలిపోతాయని, ఆ కూలడమే స్పృహ కలిగిన క్షణమని వాళ్ల ఊహ. 2000లో మాక్స్ టెగ్‌మార్క్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క వేసి, మెదడు వేడిలో అలాంటి స్థితి మహా అయితే సెకనులో పది లక్షల కోట్లవ వంతు నిలుస్తుందన్నాడు. న్యూరాన్ ఒకసారి స్పందించడానికి పట్టే మిల్లీసెకనులో అది వెయ్యి కోట్లసార్లు చెదిరిపోతుందన్నమాట. హామెరాఫ్ వర్గం ఆ లెక్కను ఒప్పుకోలేదు, తమ లెక్కలో ఎంతో ఎక్కువ సమయం చూపించింది. 2020లో వెలువడ్డ ఒక ప్రయోగంలో, ఇటలీలోని గ్రాన్ సాస్సో కొండ కింద, 1400 మీటర్ల రాయి అడుగున, పెన్‌రోజ్ చెప్పిన తరహా కూలడం జరిగితే వెలువడాల్సిన కిరణాల కోసం వెతికారు. ఆ సిద్ధాంతపు అతి సరళమైన రూపం చెప్పినంత కిరణాలు కనబడలేదు. మిగతా రూపాల మీద వాదన ఇంకా నడుస్తోంది. నడుస్తున్న వాదనను 'నిరూపించాడు' అని రాసి పదిమందికి పంపడం అబద్ధం పంపడమే.

ఇంకొకటి. పెన్‌రోజ్ వాదనంతా యాదృచ్ఛికతకు వ్యతిరేకం. ఊరికే పాచికలు దొర్లితే ఆలోచన పుట్టదనే ఆయన అంటాడు. అందుకే మామూలు క్వాంటమ్ సిద్ధాంతంలోని యాదృచ్ఛికత చాలదని, లెక్కకు లొంగని ఇంకేదో కావాలని వెతికాడు. ఏ మాట కాదన్నాడో ఆ మాటకే ఆయన పేరు తగిలించారు. పంపేముందు ఒక్కరైనా చదివారా?

సరే, అసలు ప్రశ్న. యాదృచ్ఛిక క్వాంటమ్ ఒడిదుడుకుల నుంచి ఎప్పటికైనా స్పృహ పుట్టగలదా?

శూన్యం సలసలా కాగుతూ ఉంటుందని బొమ్మల్లో చూపిస్తారు. నిజానికి ఒడిదుడుకు అంటే, కొలిస్తే ప్రతిసారీ ఒకే విలువ రాకపోవడం. దాని ప్రభావం ఉంది. 1947లో ల్యాంబ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త హైడ్రోజన్ శక్తి స్థాయిల్లో కొలిచిన చిన్న తేడా దానివల్లే. కానీ మన తలలో, 37 డిగ్రీల ఉప్పునీటి వాతావరణంలో, అణువుల వేడి తాకిడి ముందు అది సంతలో గుసగుస లాంటిది. ఒకవేళ ఏదో ఒక న్యూరాన్ అలాంటి గుసగుసకు కదిలినా, అది గురితప్పిన ఒక కదలిక మాత్రమే. అమ్మ ముఖం గుర్తుపట్టడానికి కావలసింది కోట్ల న్యూరాన్ల మధ్య ఏళ్ల తరబడి అల్లుకున్న క్రమం. క్రమం లేని కదలిక ఎంత పోగుపడినా అది క్రమం కాదు.

ఇక్కడ మెసేజ్ వాళ్లకు ఒకటి ఒప్పుకోవాలి, వాళ్లు అడగకపోయినా. 'ఎప్పటికీ పుట్టదు' అని నేను అనలేను. అనంతమైన కాలం ఇస్తే, ఒడిదుడుకుల్లో అణువులన్నీ అనుకోకుండా సరైన చోట కూడి, జ్ఞాపకాలతో సహా ఒక మెదడు క్షణంపాటు ఏర్పడవచ్చు. ఫిజిక్స్ దాన్ని నిషేధించలేదు. 1890లలో ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ విశ్వంలోని క్రమం గురించి రాసిన వాదన నుంచి పుట్టిన ఆలోచన కాబట్టి దాన్ని బోల్ట్‌జ్‌మన్ మెదడు అంటారు. అయితే దానికి పట్టే కాలం ముందు విశ్వం వయసైన 1380 కోట్ల ఏళ్లు లెక్కలోకే రావు. పైగా అలా పుట్టిన మెదడులోని జ్ఞాపకాలు ఏవీ జరిగినవి కావు. మనం అలాంటి మెదళ్లమే అనుకుంటే, మనకు తెలిసిన ఫిజిక్స్ కూడా నమ్మదగింది కాదు. అప్పుడు ఆ ఆలోచనకే ఆధారం పోతుంది. దీని మీద పెద్దపెద్దవాళ్లు నిజంగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నాకూ ఇష్టమైన చిక్కు ఇది.

కానీ దీనికీ, ఐసీయూ మంచం మీద ఉన్న మనిషికీ ఏ సంబంధమూ లేదు.

మా పెద్దమ్మ మనవడు, 24 ఏళ్లవాడు, పోయిన ఏడాది బైకు మీంచి పడ్డాడు. మూడో రోజు డాక్టర్లు బ్రెయిన్ డెత్ అన్నారు, అంటే మెదడు పని మళ్లీ రాకుండా పూర్తిగా ఆగిపోయిందని. అవయవదానం గురించి మాట్లాడటానికి కో-ఆర్డినేటర్ వచ్చాడు. వదిన దాదాపు ఒప్పుకుంది. అప్పుడు వరండాలో చుట్టం ఒకాయన ఫోన్ తీసి ఇదే మెసేజ్ పైకి చదివాడు. "చైతన్యం పోదంటున్నారు సైంటిస్టులు" అన్నాడు. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "గుండె కొట్టుకుంటోంది కదరా" అన్నాడు. ఇక ఎవరూ సంతకం పెట్టలేకపోయారు.

ఆ మెసేజ్ చేసే మోసమంతా ఒక్క మాటలో ఉంది. 'చైతన్యం' అని వేదాంతం చెప్పేది వేరు, 'స్పృహ లేదు' అని డాక్టరు చెప్పేది వేరు. మొదటిదాన్ని ఎవరైనా నమ్మవచ్చు, నేను కాదనను. రెండోదాన్ని పరీక్షించి చెబుతారు. ఒకటి చూపించి ఇంకోదాని మీద తీర్పు చెప్పడం తప్పు.

మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు చూడాలి, అవయవ మార్పిడి చేసేవాళ్లు అందులో ఉండకూడదు. కంటిపాప వెలుగుకు కదులుతుందా, చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు కదులుతాయా, వెంటిలేటర్ తప్పించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగనిస్తే ఒక్క శ్వాసైనా తీసుకునే ప్రయత్నం చేస్తాడా అని చూస్తారు. కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు. కోమా వేరు, ఇది వేరు. గుండె ఎందుకు కొట్టుకుంటోందంటే, దాన్ని కొట్టించే కణాలు గుండెలోనే ఉన్నాయి, వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తోంది. మెదడుతో పని లేకుండానే కొంతకాలం కొట్టుకుంటుంది.

రిసీవరా? రేడియో పాడైతే గరగర వస్తుంది, వార్తలు మారవు. మెదడులో ఒక చోట దెబ్బ తగిలితే మాటలు పోతాయి, 1861లో ఫ్రెంచ్ డాక్టరు బ్రోకా చూపించాడు. ఇంకో చోట తగిలితే సొంత భార్య ముఖం గుర్తుపట్టరు. ముందు భాగంలో తగిలితే శాంతంగా ఉండే మనిషి కోపిష్ఠి కావచ్చు. ఏ రేడియోలో ఒక వైరు తెగితే వార్తలు చదివే మనిషి స్వభావం మారింది?

ఎరుపు ఎర్రగా ఎందుకు అనిపిస్తుంది, నొప్పి నొప్పిలా ఎందుకు ఉంటుంది అంటే సైన్స్ దగ్గర జవాబు లేదు. అది ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. కానీ జవాబు లేని చోటును అడ్డం పెట్టుకుని కాలేయం కోసం, కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ల నోటిదగ్గర కూడు లాగేస్తే ఊరుకోలేను.

మర్నాడు తెల్లవారుజామున వాడి గుండె ఆగిపోయింది. ఇక కాలేయం, కిడ్నీలు ఇచ్చే వీలు పోయింది. వదిన కళ్లు ఇప్పించింది.

అన్నయ్య ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. "ఆ ఒక్క రోజూ మా మాటలన్నీ వాడికి వినపడ్డాయంటావా, తమ్ముడూ? వాడు మనల్ని పిలిచాడంటావా?"

లేదన్నయ్యా, అని చెబుతాను. ప్రతిసారీ చెబుతాను.