పన్ను సరే, ఎనిమిదేళ్లు వెనక్కి ఎందుకు?

మరణించినవారి ఆస్తిపై పన్ను విషయంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర చట్టసభ 2013లో చేసిన సవరణ 2005 నుంచీ వర్తిస్తుందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2014 అక్టోబరు 2న తేల్చింది. ఈ పన్ను న్యాయమైనదేనని మేము నమ్ముతాం. అయినా ఈ తీర్పు మాకు మింగుడుపడటం లేదు.

గొడవంతా ఒక రకం ట్రస్టుల గురించి. భర్త ఆస్తిని ట్రస్టులో పెట్టి, దాని మీద వచ్చే రాబడి భార్యకు బతికినన్నాళ్లూ అందేలా రాస్తాడు. ఆమె తదనంతరం అది ఎవరికి చెందాలో సాధారణంగా ఆయనే నిర్ణయించి పోతాడు. ఆయన పోయినప్పుడు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను పడదు, ఆమె పోయినప్పుడు పడుతుంది. రాష్ట్రం తన సొంత పన్ను తెచ్చింది 2005లో. అంతకు ముందే కన్నుమూసిన భర్త పెట్టిన ట్రస్టుకు, ఆ తర్వాత పోయిన భార్య లెక్కలో పన్ను అడగవచ్చా? కూడదని, ఆస్తి చేతులు మారింది భర్త నుంచేనని 2012 అక్టోబరులో ఇదే కోర్టు చెప్పింది. తొమ్మిది నెలలు తిరక్కముందే, అలాంటి ట్రస్టులకూ పన్ను పడేలా చట్టసభ చట్టాన్ని తిరగరాసింది.

ప్రభుత్వం వైపు బలమైన కారణాలే ఉన్నాయి. ఈ డబ్బు చదువులకు వెళ్తుంది. బడులకు చాలినంత నిధులివ్వడం లేదని ఇదే కోర్టు 2014 సెప్టెంబరు 11న రాష్ట్రాన్ని కోర్టు ధిక్కార దోషిగా నిలబెట్టింది. 2014లో పన్ను పడింది సుమారు 20 లక్షల డాలర్లు దాటిన ఆస్తులకే, సాగు భూములకు మినహాయింపు ఉంది. 2006లో దీన్ని రద్దు చేద్దామన్న ప్రతిపాదనను ఓటర్లే తిప్పికొట్టారు. పెళ్లికానివారు కడుతుంటే ట్రస్టు పెట్టుకున్న దంపతులకు మాత్రం మినహాయింపు ఎందుకన్న ప్రశ్న కూడా సబబే.

కానీ ఈ ట్రస్టులకూ పన్ను పడుతుందన్న మాట 2005లోనే స్పష్టంగా రాసుకోవాల్సింది చట్టసభ. అది చేసిన పొరపాటుకు మూల్యం కడుతున్నది వారసులు. పైగా సవరణకు ముందే తుది తీర్పు చేతికందినవారి జోలికి కొత్త చట్టం వెళ్లదు. అంటే అవే కాగితాలు, అదే న్యాయసూత్రం. వ్యాజ్యం ముందుగా తెమిలిన కుటుంబానికి డబ్బు తిరిగొచ్చింది, వెనకబడిన కుటుంబానికి తలుపు మూసుకుంది. దీన్ని సమానత్వమని ఎలా అంటారు?

1994లో అమెరికా సుప్రీంకోర్టు ఇలా వెనక్కి వర్తించే సవరణనే ఆమోదించింది. అదీ మరణానంతర ఆస్తి పన్ను కేసే. అయితే అక్కడ చట్టం వెనక్కి వెళ్లింది ఏడాదికి కాస్త పైగా మాత్రమే. అంతకుమించి పోతే రాజ్యాంగపరమైన గట్టి ప్రశ్నలు తలెత్తుతాయని న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ విడిగా రాసి మరీ హెచ్చరించారు. ఇక్కడ వెళ్లింది ఎనిమిదేళ్లు.

2012 తీర్పును నమ్మి, సవరణ రాకముందే కట్టిన పన్ను వాపసు కోరిన కుటుంబాలకు ఆ సొమ్ము ఇచ్చేయాలి. పన్ను చట్టం ఎంత వెనక్కి పోవచ్చో చట్టసభ తనకు తాను గడువు రాసుకోవాలి. ఏడాది మించకూడదన్నది మా అభిప్రాయం.