మహారాజశ్రీ ఇంటర్నెట్ ఫోను డబ్బా గారికి

అయ్యా,

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో, రౌటర్ పక్కన దీపం వెలిగించుకుని తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాము. ఇండియాకి గంటలకొద్దీ మాట్లాడించే తమరి ఔదార్యానికి వంక లేదు. అక్కడ పోలీసులనీ అంబులెన్సునీ పిలిచే అత్యవసర నంబరు 911 దగ్గరే వస్తుంది తిరకాసు.

తామెక్కడున్నదీ తమరికే తెలియదు. రాగితీగ ఫోనైతే, ఏ తీగ ఏ ఇంటికి వెళ్ళిందో కంపెనీ రికార్డులో ఉండేది. తమరిని డాలస్‌లో కొని, సూట్‌కేసులో న్యూజెర్సీ తీసుకెళ్ళి గుచ్చినా అదే నంబరుతో మోగుతారు. 911 నొక్కితే మాత్రం, చిరునామా మార్చకపోతే, డాలస్ వాళ్ళు పలుకుతారు.

2005లో అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తమరి కంపెనీల చెవి మెలిపెట్టి 911 తప్పనిసరి చేసింది. కస్టమర్ చిరునామా నమోదు చేయించమంది. ఇబ్బందులుండొచ్చని హెచ్చరించే స్టిక్కరూ ఇమ్మంది. ఆ స్టిక్కరు వారంటీ కాగితాలతో పాటు సొరుగులో భద్రంగా ఉంటుంది.

ఇల్లు మారితే బిల్లు అడ్రసు మార్చి హమ్మయ్య అనుకుంటారు. 911 అడ్రసు వేరేగా ఉంటుందండీ! అపార్ట్‌మెంట్ నంబరుకి దాని గడి ఉంటే అందులోనే రాయాలి, వీధి పేరు పక్కన ఇరికించకూడదు. సేవ్ చేసిన వెంటనే అమల్లోకి వస్తుందన్న హామీ కూడా లేదు. కొన్ని కంపెనీల లైన్లలో 933 నొక్కితే నమోదైన చిరునామా చదివి వినిపిస్తారు. సరిచూసుకోవాల్సింది అక్కడ, 911కి కొట్టి కాదు. పొరపాటున కొడితే పెట్టేయకుండా సంగతి చెప్పాలి, లేకపోతే పోలీసులు గుమ్మంలోకి రావచ్చు. ఢిల్లీకి చేయబోతూ, విదేశీ కాల్‌కి ముందు కొట్టాల్సిన 011 మరిచి, ఇండియా కోడ్ 91, ఢిల్లీ కోడ్ 11 నొక్కేవాళ్ళు ఇలాగే దొరికిపోతారు. హైదరాబాద్ కోడ్ 40 కనక మనం బతికిపోయాం.

ఇక కరెంటు. పాత ఫోనుకి ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టులు తీగలోనే వచ్చేవి. తమరికి గోడ ప్లగ్గు కావాలి, మోడెమ్‌కీ రౌటర్‌కీ కావాలి. యూపీఎస్ కొని తమరొక్కరినే దానికి తగిలించే మహానుభావులున్నారు! ముగ్గురూ కలిసి 25 వాట్లు లాగితే, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్కకి మూడు గంటలు, వాస్తవానికి రెండు. ఈలోగా వీధిలో కేబుల్ కంపెనీ పెట్టె ఆరిపోతే ఆ రెండు గంటలూ దండగే.

అందుకే పక్కన సెల్‌ఫోను ఉండాలి. ప్లాన్ లేని పాతదైనా 911కి కలపాలని నిబంధన ఉంది, కాకపోతే 2జీ, 3జీ ఫోన్లు ఇక పనికిరావు. ప్లాన్ లేని ఫోనులో కాల్ తెగితే వాళ్ళు తిరిగి చేయలేరు కాబట్టి, పలకగానే చెప్పాల్సింది అడ్రసు, ఆ తర్వాతే గుండెనొప్పి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తమరిని చూపించి ఆఫీసుకి పోయేవాళ్ళు, ఇంటి నంబరూ వీధీ అపార్ట్‌మెంటూ తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫోనుకి అంటించి వెళ్తే బాగుండును. సొరుగులో స్టిక్కరు ఎలాగూ ఖాళీగానే ఉంది, వెనకవైపు రాయొచ్చు.

ఇట్లు,
తమరి నెలవారీ చందాదారులు