షూటింగ్ గేముల్లో కథ ఉండదన్న మెసేజ్‌కి నా జవాబు

ఈ వారం మా కావలి డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది, ఒంగోలులో ఉండే మా బావ విడిగా ఇంకోసారి పంపాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఫస్ట్ పర్సన్ షూటర్ గేముల్లో, అంటే ఆ పాత్ర కళ్లతోనే చూస్తూ చేతిలో తుపాకీ పట్టుకుని ఆడే ఆటల్లో, కథ అనేదే ఉండదు, ఏదైనా చెప్పాలంటే ఆట ఆపి మధ్యలో సినిమా ముక్క వేయాల్సిందే, హీరోకి మొహం లేదు, నోట మాట లేదు, ఎట్టా ఆడినా చివర ఒకటే కాబట్టి అది ఆడేవాడి కథ కాదు, పిల్లలకు ఇవి నేర్పేది చంపడం సరదా అని మాత్రమే. పంపిన వాళ్లంతా పిల్లల మీద దిగులుతో పంపినవాళ్లే. నాకూ ఏడో తరగతి చదివే కొడుకున్నాడు, ఆ దిగులు ఏంటో తెలుసు. కానీ ఇందులో చాలా మాటలు తప్పు, ఇరవై ఏళ్లుగా ఈ ఆటలు ఆడుతున్నవాణ్ని, చూసి ఊరుకోలేక రాస్తున్నా.

కథ ఉండదు అన్న మాటకు ఒకప్పుడు కొంత ఆధారం ఉంది, అది ఒప్పుకుంటా. 1993లో వచ్చిన డూమ్ అనే షూటింగ్ ఆట కోసం దాని డిజైనర్ టామ్ హాల్ పెద్ద కథే రాసిపెట్టాడు, ఆట చేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు అందులో చాలా భాగం పక్కన పెట్టేశారు, ఆట విడుదల కాకముందే ఆయన కంపెనీ నుంచి బయటికి వెళ్లిపోయాడు. వేగం, గురి, రాక్షసులు, ఇంతే మిగిలింది. కానీ ఐదేళ్లు తిరక్కుండానే, 1998లో, వాల్వ్ కంపెనీ హాఫ్ లైఫ్ అనే ఆట తెచ్చింది. నేను దాన్ని కావలిలో ట్రంకు రోడ్డు పక్కన ఒక నెట్ సెంటర్లో ఆడాను. అందరూ కౌంటర్ స్ట్రైక్ కోసం వచ్చేవాళ్లు, అది హాఫ్ లైఫ్ మీదే కట్టిన ఆట కాబట్టి రెండూ అదే సిస్టంలో ఉండేవి, ఒకరోజు సీటు ఖాళీగా దొరికితే ఇది ఓపెన్ చేశా. మొదలవగానే ఒక రైలు పెట్టెలో ఉన్నాం. ఐదు నిమిషాల దాకా అది పోతానే ఉంటుంది, చేతిలో తుపాకీ లేదు, కాల్చడానికి ఎవరూ లేరు. పక్కనున్న ఫ్రెండు "గన్ ఎప్పుడిస్తాడ్రా" అని ఒకటే గోల. ఎడారి కింద పెద్ద పరిశోధనా కేంద్రం, గాజు అవతల పని చేసుకుంటున్న మనుషులు, స్పీకర్లో ప్రకటనలు, డ్యూటీకి ఆలస్యమైన నువ్వు. ఆ తర్వాత ప్రయోగం చెడి అంతా కూలిపోయాక నువ్వు వచ్చిన దారినే వెనక్కి నడవాలి. పొద్దున దాటిన గదులే అవి, ఇప్పుడు మంటలు, శవాలు. ఏం పోయిందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, పొద్దున నువ్వే చూశావు కదా. ఇంకాసేపటికి సైన్యం వస్తుంది, మనల్ని కాపాడ్డానికే అని ఒక సైంటిస్టు ఎదురు పరిగెత్తుతాడు, వాళ్లు అతన్నే కాల్చేస్తారు. ఎవరూ వివరించి చెప్పకుండానే కథ మొత్తం తలకిందులైంది. ఇది కథ కాకపోతే మరి ఏంది?

ఆట ఆపి సినిమా ముక్క వేయాలి అన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. హాఫ్ లైఫ్ ఎక్కడా నిన్ను ఆ కళ్లలోంచి బయటికి లాగదు, కెమెరా వేరే చోటికి పోదు. 2004లో వచ్చిన రెండో భాగంలో, ఊరికి కొత్తగా దిగిన నీ ముందు ఒక పోలీసు ఖాళీ డబ్బా కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. వేస్తే దారి వదులుతాడు. తిరిగి అతని మీదకే విసరొచ్చు కూడా, విసిరితే లాఠీ పట్టుకుని వెంటపడతాడు. ఆ ఊళ్లో జనం ఎట్టా బతుకుతున్నారో పది సెకన్లలో అర్థమైపోతుంది, అదీ నీ చేతికి జరిగిన అవమానంగా.

కథ చెప్పడానికి ఇంకో పద్ధతి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. 2021 నవంబరులో పెన్నా వరద తగ్గాక కోవూరు వైపు మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. గోడ మీద నడుం ఎత్తున బురద గీత, అటక మీదకు ఎక్కించిన బియ్యం బస్తా, మంచం మీద మంచం, దానిమీద పిల్లల పుస్తకాల సంచులు. నీళ్లు ఎంత తొందరగా వచ్చాయో, ఆ రాత్రి ముందు ఏం కాపాడుకోవాలనుకున్నారో మొత్తం ఆ గదే చెప్పింది. 2007 నాటి బయోషాక్ అనే ఆట అచ్చం ఇట్లానే చెబుతుంది. సముద్రం అడుగున కట్టిన రాప్చర్ అనే నగరంలోకి 1960లో అడుగుపెడతావు, అప్పటికే అంతా అయిపోయింది. ఒక హోటల్లో 1959 కొత్త సంవత్సరం బ్యానరు ఇంకా వేలాడుతుంటుంది, విరిగిన బల్లలు, పార్టీకి పెట్టుకున్న మాస్కులు. గొడవ ఏ రాత్రి మొదలైందో అక్కడ తెలుస్తుంది. అక్కడక్కడా చచ్చిపోయినవాళ్ల గొంతులు టేపుల్లో దొరుకుతాయి (ఈ టేపుల పద్ధతి 1994 నాటి సిస్టం షాక్ అనే ఆటలోనే ఉంది). వెతికినవాడికి ఎక్కువ కథ, పరిగెత్తినవాడికి తక్కువ కథ. గదిని చదవకుండా కాల్చుకుంటూ పోయినవాడు అందులో కథ లేదంటే తప్పు ఎవరిది?

హీరోకి మొహం లేదు, మాట లేదన్నది సగమే నిజం. హాఫ్ లైఫ్ హీరో గోర్డన్ ఫ్రీమన్ మాట్లాడడు, కానీ 2016లో వచ్చిన టైటాన్‌ఫాల్ అనే ఆట రెండో భాగంలో హీరో కూపర్ మాట్లాడతాడు, తన పెద్ద రోబోకి ఏం జవాబివ్వాలో మనమే ఎంచుకుంటాం.

ఎట్టా ఆడినా చివర ఒకటే. అవును, ఎక్కువ ఆటల్లో ఒకటే. మన తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకం చివర ఏమవుతుందో తెలియనివాడు ఎవడు? అయినా కాటిసీను కోసం తెల్లార్లు కూర్చుంటారు. పైగా బయోషాక్ ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఇంకా ఆడనివాళ్లు, ఆడే ఉద్దేశం ఉంటే ఈ పేరా దాటేయండి, గుట్టు విప్పేస్తున్నా. రేడియోలో ఒకతను మొదటి నుంచీ "దయచేసి" అన్నట్టు మర్యాదగా పనులు చెబుతుంటాడు, నువ్వు చేస్తుంటావు, ఆట అన్నాక చెప్పింది చేస్తాం కదా. సగం దాటాక తెలుస్తుంది, ఆ మాట వింటే కాదనలేకుండా నీ బుర్రను ముందే తయారుచేశారని. సరిగ్గా అక్కడ ఆట నీ చేతిలోంచి కంట్రోల్ లాక్కుంటుంది, నీ చేత్తోనే ఒకణ్ని చంపిస్తుంది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సినిమాలో ఆ పని చేసేది హీరో. ఇక్కడ ఇన్ని గంటలు చెప్పింది చేసుకుంటూ వచ్చింది నేను.

ఇక చంపడం సరదా అన్న మాట. 2007 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ నాలుగో భాగంలో అణుబాంబు పేలాక కూలిన హెలికాప్టర్లోంచి నువ్వు పాక్కుంటూ బయటికి వస్తావు. బటన్లు పనిచేస్తాయి, నాలుగడుగులు పడతాయి, కానీ చేయగలిగింది ఏమీ లేదు, చచ్చిపోతావు. 2016లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ వన్ మొదటి ప్రపంచ యుద్ధం మీద చేసిన ఆట, దాని మొదటి అధ్యాయం నువ్వు చచ్చిన ప్రతిసారీ ఆ సైనికుడి పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది చూపించి ఇంకొకడి కళ్లలోకి పంపుతుంది. అన్నీ ఇంత బాగా చేశాయని చెప్పను. 2009 నాటి కాల్ ఆఫ్ డ్యూటీలో విమానాశ్రయంలో జనాన్ని కాల్చే సీను నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, వద్దనుకుంటే దాటేయొచ్చని ముందే అడిగినా సరే.

మెసేజ్ రాసినవాళ్లు కలిపేసింది ఇంకోటుంది. మన పిల్లలు ఫోన్లో ఆడేది బీజీఎంఐ లాంటివి, 2020లో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించాక 2021లో దాని బదులు వచ్చిన ఆట. అందులో మామూలుగా కెమెరా వెనక నుంచి ఉంటుంది, చివరిదాకా మిగలడమే లెక్క, కథ కోసం ఎవరూ ఆడరు. గంటలు గంటలు ఆడుతున్నారు, డబ్బులు పెట్టి కొంటున్నారు అన్న టెన్షన్ నిజమే, దాని గురించి మాట్లాడదాం, నేనూ వస్తా. నేను పైన చెప్పినవాటిలో చాలావరకు పెద్దవాళ్లకు చేసినవి, అవి మావాడికి నేనూ ఇవ్వను.

వాడితో కలిసి ఆడింది పోర్టల్, 2007దే. చేతిలో గన్ ఉంటుంది కానీ అందులోంచి గుండు రాదు, గోడలకు దారులు తెరుచుకుంటాయి. ఒక యంత్రం తీయగా మాట్లాడుతూ గది తర్వాత గదిలో పరీక్షలు పెడుతుంది. ఒకచోట గోడ పలక కొంచెం పక్కకి జరిగి ఉంటే మావాడు అందులోకి దూరాడు. లోపల ఖాళీ డబ్బాలు, గోడ నిండా ఎవరో గీసిన గీతలు, రాతలు. యంత్రం చెప్పేది నమ్మొద్దని. మావాడు మౌస్ మీద చెయ్యి తీసేసి కాసేపు అట్లాగే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "నాన్నా, ఇక్కడున్న మనిషి ఏమైపోయాడు?"