మూడో అంతస్తు రిఫరీలు

ఫుట్‌బాల్ చట్టాలు మొత్తం 17. వాటిలో ఐదోది, ఆటలో జరిగినదాని మీద రిఫరీ మాటే ఆఖరు మాట అంటుంది. ఈ ఐదో చట్టాన్ని తక్షణం రద్దు చేసి, ఆ అధికారాలన్నీ కూకట్‌పల్లిలో నాకు తెలిసిన ఒక ఫ్లాట్‌కి బదలాయించాలని మనవి. ఇంగ్లండ్‌లో పెనాల్టీ ఇవ్వాలో వద్దో తేల్చగల మేధావులు అక్కడ మూడో అంతస్తులో ఉంటున్నారు. ఇద్దరు లివర్‌పూల్ జట్టు అభిమానులు, ఇద్దరు ఆర్సెనల్ జట్టు అభిమానులు. అద్దె నలుగురూ సమానంగా పంచుకుంటారు. దాని మీద ఇంతవరకూ ఎవరూ రీప్లే అడగలేదు.

2023 డిసెంబర్ 23న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. ఆర్సెనల్ ఒక గోల్ ముందుంది. వాళ్ల పెనాల్టీ బాక్సులోనే వాళ్ల ఆటగాడు ఒడెగార్డ్ కాలు జారింది, చెయ్యి బంతి మీద పడింది, పడ్డ చెయ్యి బంతిని పక్కకు లాగింది కూడా. రిఫరీ పెనాల్టీ ఏమీ లేదన్నాడు. తెర ముందు కూర్చుని వీడియో చూసే సహాయ రిఫరీలు, అదే వీఏఆర్ వాళ్లూ అదే అన్నారు. మ్యాచ్ 1-1తో ముగిసింది.

ఫ్లాట్‌లో ముగియలేదు.

“జారితే చెయ్యి అలా పోదు” అన్నాడు లివర్‌పూల్ వాడు. “జారితేనే పోతుందిరా” అన్నాడు ఆర్సెనల్ వాడు. మాటలతో తేలక ప్రయోగానికి దిగారు. బంతి లేదు కాబట్టి సోఫా దిండు పెట్టారు. ఆర్సెనల్ వాడు సాక్సులు తొడుక్కొచ్చి, టైల్స్ మీద పరుగెత్తి, నిజంగానే జారాడు. మోకాలు టీపాయ్ అంచుకు కొట్టుకుంది. చెయ్యి వెళ్లి బిర్యానీ తాలూకు సాలన్ గిన్నెలో పడింది. “చూశావా, బంతి దగ్గరికి పోనే లేదు!” అని లివర్‌పూల్ వాడు చప్పట్లు. కిందపడ్డవాడు మోకాలు పట్టుకుని మూలుగుతుంటే, “లేరా, నటించకు, కాంటాక్ట్ తక్కువే” అన్నవాడు సాక్షాత్తు అతని జట్టువాడే.

నాలుగోవాడు ఇదంతా ఫోన్‌లో తీశాడు. స్లో మోషన్‌లో పెట్టాడు. నలుగురూ, మోకాలు వాచినవాడితో సహా, తలలు దగ్గర పెట్టుకుని చూశారు. ముందు దిండు తగిలిందా, టీపాయ్ తగిలిందా? టీపాయ్ కదిలిందా, లేక అది తన సహజ స్థానంలోనే ఉందా? ఒకడు పర్సులోంచి ఆధార్ కార్డు తీసి, ఫోన్ తెర మీద అంచు ఆనించి గీత సరిచూశాడు. ఫ్రిజ్‌లో ఐసు ఉంది, ఎవడూ లేవలేదు. ఏం కూలిందో చూద్దామని కింద ఫ్లాట్ ఆంటీ పైకొస్తే ఆవిడకీ మూడుసార్లు తిప్పి చూపించారు. “ఆ టీపాయ్ దారికడ్డంగా ఎందుకు పెట్టారు నాయనా?” అని ఆవిడ అడిగింది. ఆ రాత్రి ఇంగ్లండ్‌లో గానీ కూకట్‌పల్లిలో గానీ వెలువడిన తెలివైన తీర్పు అదొక్కటే.

తర్వాత రిఫరీల పెద్ద హోవార్డ్ వెబ్, అది పెనాల్టీ ఇవ్వాల్సిందేనని ఒప్పుకున్నాడు. గొడవ తీరిందనుకున్నారా? ఆర్సెనల్ వాళ్లు నవంబర్ 4 ఫైలు తీశారు. ఆ రోజు న్యూకాసిల్‌లో ఆ జట్టు గోర్డన్ తమ మీద కొట్టిన గోల్‌ని, బంతి ముందే గీత దాటి బయటికి పోయిందా, తమ గాబ్రియేల్‌ని తోశారా, ఆఫ్‌సైడా (పాస్ రాకముందే డిఫెండర్లను దాటి నిలబడ్డాడా) అని మూడు రకాలుగా పరీక్షించి మరీ ఇచ్చేశారు. దానికి బదులుగా లివర్‌పూల్ వాళ్లు సెప్టెంబర్ 30 ఫైలు తీశారు. టోటెన్‌హామ్ జట్టు మీద తమ డియాజ్ కొట్టిన గోల్ సక్రమమైనదే. మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు. వీఏఆర్ వాళ్లేమో మైదానంలో గోల్ ఇచ్చారనుకుని “చెక్ కంప్లీట్” అనేశారు. నాలుక కరుచుకునేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది. ఘోరమే, కాదనను. కానీ దానికీ చేతికి తగిలిన బంతికీ ఏం సంబంధం? ఏమీ లేదు. పొలం తగాదాలో తాతల నాటి దస్తావేజులా అది అన్నిటికీ బయటికొస్తుంది.

వీడియో వస్తే వివాదాలుండవన్నారు. 2018 ప్రపంచకప్‌లో వచ్చింది, 2019లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కీ వచ్చింది. అసలు సరైన తీర్పు ఎవడిక్కావాలండీ? తన జట్టుకు దొంగ పెనాల్టీ దొరికిందని బాధతో నిద్రపట్టనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. 1986లో చేత్తో గోల్ కొట్టిన మారడోనాకి కోల్‌కతాలో విగ్రహమే పెట్టుకున్నాం. మోసపోయిన రిఫరీని మాత్రం ఇప్పటికీ గుడ్డివాడనే అంటాం.

ఇదంతా నవ్వులాటే అనుకుందును. కానీ ప్రతి శనివారం ఆ సోఫాలోంచి ఒక మాట వస్తుంది: “ఈ రిఫరీగాణ్ణి పట్టుకుని తన్నాలిరా.” తన్నారు కదరా! 2012 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని అల్మేరెలో, కొడుకు ఆడుతున్నాడని పైసా తీసుకోకుండా జెండా పట్టుకుని గీత పక్కన నిలబడ్డ తండ్రిని అవతలి జట్టువాళ్లు తన్నితే మర్నాడు చనిపోయాడు. కుర్రాళ్ల మ్యాచ్ అది! 2023 యూరోపా లీగ్ ఫైనల్‌లో పెనాల్టీ ఇవ్వలేదని రిఫరీ ఆంథొనీ టేలర్‌ని ఓడిన జట్టు అభిమానులు బుడాపెస్ట్ ఎయిర్‌పోర్టులో చుట్టుముట్టారు. పెళ్లాం పిల్లలు పక్కనుండగా కుర్చీ విసిరారు. అదే ఏడాది డిసెంబర్ 11న, అంటే ఒడెగార్డ్ జారడానికి రెండు వారాల ముందైనా కాదు, టర్కీలో 97వ నిమిషంలో ప్రత్యర్థి స్కోరు సమం చేసిందని అంకారాగూజు క్లబ్ అధ్యక్షుడే మైదానంలోకొచ్చి రిఫరీ మెలెర్ మొహం మీద గుద్దాడు. కిందపడ్డాక ఇంకొందరు కాళ్లతో తన్నారు. కంటి దగ్గర ఎముక చిట్లింది. విచారణలో ఆ పెద్దమనిషి ఇచ్చుకున్న సంజాయిషీ ఏమిటో తెలుసా? తను కొట్టింది చెంపదెబ్బేనట, దానికి ఎముక విరగదట.

కాంటాక్ట్ తక్కువేనన్నమాట.