పెట్టెకు వేడి చేసింది

మహారాష్ట్రలోని బల్లార్పూర్‌లో మే నెల మధ్యాహ్నం ఒక పాత వీడియో గేమ్ పెట్టె దానంతటదే ఆగిపోతే దానిని తిట్టకూడదు, సన్మానించాలి. శాలువా మాత్రం కప్పకూడదు, గాలి ఆడదు. ఇలాంటి పెట్టెలతో వచ్చే చిన్న పుస్తకంలో, ఎవరూ తెరవని పేజీలో, 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడాలని సాధారణంగా రాసి ఉంటుంది. చంద్రపూర్ జిల్లాలో వేసవిలో 35 డిగ్రీలంటే పాల ప్యాకెట్ తెచ్చుకుని ఇంటికి చేరే వేళ. ఆ తర్వాత పాదరసం 45 దాటుతుంది, 47 చూసినా ఎవరూ కంగారు పడరు. కాబట్టి నియమం ప్రకారం ఎండలు ముదిరినప్పటి నుంచి మృగశిర కార్తె దాకా ఇక్కడ పగటిపూట ఆటలు నిషిద్ధం. జిల్లా మొత్తంలో ఆ నియమాన్ని శిరసావహించింది మా మేనల్లుడి పెట్టె ఒక్కటే.

మీట నొక్కగానే లోపల ఫ్యాను రొద మొదలవుతుంది, నిమిష నిమిషానికీ పెరుగుతుంది, చివరికి ఎర్ర దీపం మిణుకుమని పెట్టె ఆగిపోతుంది. లోపలి చిప్ కాలిపోకుండా అది చేసుకునే ఏర్పాటు అది. ఇంట్లో మాత్రం విచారణ జరిగింది. "దానికి వేడి చేసింది, సాయంత్రం దాకా ముట్టుకోవద్దు" అని మా అక్క తేల్చింది. శాస్త్రీయంగా ఇంతకంటే కచ్చితమైన రోగనిర్ధారణ నేను వినలేదు. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా బావగారు నేరమంతా వోల్టేజీ మీద మోపారు. పక్కింటి మరాఠీ కాకా దానిని ఎడారి కూలర్ ముందు పెట్టమన్నారు. కూలర్ గాలితోపాటు తుంపరలు కూడా విసురుతుంది. ఇక్కడి బోరు నీటి తుంపర సర్క్యూట్ మీద ఆరితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అప్పుడు పెట్టె చల్లగానే ఉంటుంది, శాశ్వతంగా.

ఇంతమంది నిపుణుల్లో ఒక్కరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. ఆ పెట్టె నివాసం అద్దాల తలుపున్న షోకేసులో. దాని మీద అక్క పెళ్లికి ముందు క్రోషాతో అల్లిన లేసు గుడ్డ. గుడ్డ మీద బాసర సరస్వతి పటం, పటానికి రెండు వైపులా కొండపల్లి దంపతులు. మన ఇళ్లలో ఫ్రిజ్‌కు, మిక్సీకి, టీవీకి వస్త్రం లేకపోతే నలుగురిలో తలవంపులు కదా. గాలి రంధ్రాలు మూసుకుపోవడం చిన్న నష్టం, పరువు పెద్దది.

ఊరికి దగ్గరలోనే 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ వేడిని వదిలించడానికి ఆకాశాన్నంటే కూలింగ్ టవర్లు కట్టారు, ఎరాయి డ్యామ్ నీళ్లు తెచ్చారు. కట్టిన ఇంజనీర్లకు వేడి గురించి తెలుసు, గృహాలంకరణ గురించి తెలియదు. లేకపోతే ఆ టవర్లు ఈపాటికి లేసు తొడుక్కుని ఉండేవి.

అగ్రరాజ్యాల తెలివి కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ వెలగలేదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అనే ఆట పెట్టె ఎర్ర దీపాలు చూపించి చనిపోవడం మొదలుపెడితే, 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా లెక్కలో పెట్టుకోవలసి వచ్చింది. జనం ఈలోగా సొంత వైద్యం కనిపెట్టారు. పెట్టెకు తువ్వాళ్లు చుట్టి ఇంకా వేడెక్కించడం! విడిపోయిన అతుకులు కరిగి మళ్లీ అంటుకుంటాయని ఆశ. సీసం లేని టంకం కరగాలంటే సుమారు 217 డిగ్రీలు కావాలి, తువ్వాలుకు అంత శక్తి లేదు. కొన్ని పెట్టెలు కాసేపు బతికి, కృతజ్ఞత తీర్చుకుని, మళ్లీ పోయేవి. అంతకుముందు మొదటి ప్లేస్టేషన్ ఆట పెట్టె తొలి మోడళ్లలో డిస్కు చదివే లేజర్ భాగాన్ని పవర్ సప్లై పక్కనే పెట్టారు. అరుగుదలకు వేడి తోడై ఆట తడబడితే, పిల్లలు పెట్టెను తలకిందులు చేసి ఆడుకున్నారు. తర్వాతి మోడళ్లలో లేజర్‌ను దూరంగా జరిపారు. శీర్షాసనం అలా కాలగర్భంలో కలిసింది.

చివరికి మేనల్లుడే స్క్రూడ్రైవర్ పట్టాడు. మూత తీయగానే కనిపించింది మా జిల్లా సహజ సంపద. చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య బొగ్గు నుసి, దూది, పిల్లి వెంట్రుకలు కలిసి దట్టమైన నల్లటి పొరగా బిగుసుకున్నాయి. పళ్లపుల్ల ఆ పొరలో దిగలేదు. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకునే బ్లోయర్ కొట్టాడు కుర్రవాడు, గాలికి రెక్కలు మితిమీరి తిరిగితే బేరింగ్ పోతుందని వాడికి తెలుసు. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు ఎండిన సున్నంలా పెళుసెక్కింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు బియ్యపు గింజంత పెట్టి బిగించాడు. పెట్టెను షోకేసులోంచి తీసి, చుట్టూ బెత్తెడు ఖాళీ ఉంచి బల్ల మీద పెట్టాడు. ఫ్యాను ఇప్పుడు గొణుగుతుంది తప్ప అరవడం లేదు.

అక్క ఒప్పుకుంది, ఒక షరతు మీద. చుట్టాలొస్తే పెట్టె మంచం కిందికి వెళ్లాలి. సరస్వతి పటం, కొండపల్లి దంపతులు పూజగది అలమారాలోకి మారారు. ఖాళీగా మిగిలిన లేసు గుడ్డను అక్క వైఫై పెట్టె మీద పరిచింది. రెండు రోజులుగా మధ్యాహ్నం పూట నెట్ రావడం లేదు. బావగారు కంపెనీవాళ్లకు ఫోను చేసి గట్టిగా మాట్లాడుతున్నారు.