ఆదాయ ధ్రువీకరణ పత్రం వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఆదాయ ధ్రువీకరణ పత్రం వారికి,

మా ఊరి తోలుబొమ్మలాట పెద్దాయన తరఫున, ఆయనకు దరఖాస్తులు నింపిపెట్టే నేను రాసుకుంటున్న విన్నపం ఏమనగా:

కూచిపూడి భాగవతుల ఆట చూసి ముచ్చటపడిన గోల్కొండ నవాబు తానీషా ఆ ఊరిని వారికే అగ్రహారంగా రాసిచ్చాడని మనవాళ్లు చెప్పుకుంటారు. పాపం, పదిహేడో శతాబ్దపు మనిషి. ఆ భాగవతుల ఏడాది రాబడి ఎంతో ముందుగా విచారించాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఆట చూశాడు, ఇచ్చేశాడు. 1687లో గోల్కొండ కూలిపోవడానికి ఔరంగజేబు సైన్యం కారణమని చరిత్రకారులు అంటారు గానీ, ఆ కొలువులో తమరు లేకపోవడమే అసలు కారణమని నా అనుమానం.

నేటి ఏలినవారు అంత తొందరపడరు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వృద్ధ కళాకారులకు ఆర్థిక సహాయం చేసే పథకం ఒకటి నడుపుతోంది. కళాకారుడికి 60 ఏళ్లు నిండాలి, కళకు చెప్పుకోదగ్గ సేవ చేసి ఉండాలి, ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకూడదు. అన్నీ కుదిరితే నెలకు 6,000 రూపాయల వరకు ఇస్తారు. పన్నెండు నెలలకు లెక్కగడితే అదీ సరిగ్గా 72,000! ఆ గీత గీసినవారెవరో గానీ తూకంలో దిట్టలు. బీదరికానికి ఏ కొలత పెట్టారో సత్కారానికీ అదే కొలత పెట్టారు.

అందుచేత మా పెద్దాయన ఒక కాగితంతో తాను గొప్పవాడినని, మరో కాగితంతో తాను లేనివాడినని రుజువు చేసుకోవలసి వచ్చింది. లేనితనం సంగతి తమరు చూసుకున్నారు. చిక్కంతా గొప్పతనం దగ్గరే వచ్చింది. ఆధారంగా ఫొటోలు కావాలన్నారు. ట్రంకుపెట్టె అడుగున నలభై ఏళ్ల నాటి ఫొటో ఒకటి దొరికింది: తెల్ల పంచెలు కలిపి కట్టిన తెర, దాని మీద పది తలల రావణుడు, ముందు వరుసలో జనం నెత్తులు. "ఇందులో నువ్వెక్కడున్నావు తాతా?" అని కౌంటరు దగ్గరి కుర్రాడు అడిగాడు. "తెర ఎనకాల, నాయనా" అన్నాడు పెద్దాయన. ఆ కుర్రాడు ఫొటో తిప్పి వెనక వైపు చూశాడు.

చివరికి తమరు చేతికి వచ్చాక చూసుకుంటే, వృత్తి అన్నచోట "ఇతరములు" అని ఉంది. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, వెలుగు ఇవతలికి కనబడేదాకా ఆరబెట్టి, సన్నటి ఉలితో కిరీటానికీ నగలకూ వేల చిల్లులు పొడిచి, రంగులద్ది, నిలువెత్తు ఆంజనేయుణ్ణి తెర మీద నిలబెట్టి, కాళ్ల కింది చెక్కలను తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టించి, బంగారక్క గొంతుతో జుట్టుపోలిగాణ్ణి తిట్టి, పోలిగాడి గొంతుతో ఆ తిట్లకు బదులు చెప్పి, తెల్లవార్లూ ఊరిని నవ్వించిన మనిషి మన కంప్యూటరు జాబితాలో ఇతరుడు. తమ సోదరులు లైఫ్ సర్టిఫికెట్ వారితోనూ ఏటా ఒక తంటా ఉంది. ఉలి పట్టి పట్టి అరిగిన బొటనవేలిని వేలిముద్ర యంత్రం నాలుగుసార్లు కాదన్నది.

అలాగని ప్రభుత్వానికి కళ అంటే చులకన అని నేననను. 2020లో తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు మా పెద్దాయన ఇంట్లో పాయసం వండారు. ఆ బిరుదుతో పాటు పైకం రాదనీ, దాన్ని పేరుకు తగిలించుకోవడానికి వీల్లేదనీ నేను తరవాత చెప్పాను. అప్పటికి పాయసం అయిపోయింది. 2025-26 బడ్జెట్‌లో సాంస్కృతిక శాఖకు సుమారు 3,360 కోట్ల రూపాయలు కేటాయించారు. మొత్తం బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది గనుక, నూటికి ఏడు పైసల లోపే అన్నమాట. పావలా చెల్లుబాటే 2011లో ఆగిపోయిన దేశంలో ఏడు పైసలను ఇంకా వాడుకలో ఉంచిన ఘనత ఈ శాఖదే. పాత కోటల సున్నం, మ్యూజియంల దీపాలు, అకాడమీల జీతాలు అన్నీ అందులోంచే రావాలి కాబట్టి, ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి తమవంటి కాపలాదారు అవసరమే.

ఇక అసలు విషయం. ప్రస్తుతం తమరి మీద పెద్దాయన ఆదాయం 70,000 అని వేసి ఉంది. శివరాత్రి జాగారానికి ఒక రాత్రి ఆట ఆడమని పక్క ఊరివారు పిలిచారు. హార్మోనియం, మద్దెల వాళ్లకు ఇచ్చి, ఆటో బాడుగ పోగా ఆయనకు 3,000 మిగులుతుంది. నా కూడిక సరైనదే అయితే ఆ రాత్రి ఆడితే ఆయన వెయ్యి రూపాయల మేర ధనవంతుడవుతాడు. కనుక లంకాదహనం దాకా డబ్బుకు ఆడి, అక్కడి నుంచి ఉచితంగా ఆడవచ్చునా, లేక రావణుడు చావకుండానే తెర దించేయాలా అన్నది తమరు సెలవియ్యాలి. పండుగ ఇక పదకొండు రోజులే ఉంది. పెద్దాయన బొమ్మల పెట్టె ఇంకా తెరవలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
దరఖాస్తులు నింపేవాడు